పాకెట్ పెద్దదైతే ఆట తేలికా?

మారేడ్‌పల్లిలో ఒక బేకరీ పైన, ఇరుకు మెట్లెక్కి అద్దాల తలుపు తోస్తారు. బయట జులై ముసురు. లోపల ఏసీ, టేబుళ్ల మీద మాత్రమే వెలుతురు. ముందుగా పన్నెండడుగుల స్నూకర్ టేబుల్ కనిపిస్తుంది. దాని వెనక నీలం గుడ్డ పరిచిన తొమ్మిదడుగుల అమెరికన్ పూల్ టేబుల్. గోడవారగా ఏడడుగుల బ్రిటిష్ పూల్ టేబుల్, దాని మీద ఏడు ఎర్ర బాల్స్, ఏడు పసుపువి, ఒక నలుపు. గంటకు ఎంతో బోర్డు మీద రాసి ఉంది. ఓడినవాళ్లే ఆ డబ్బు కట్టాలన్న సంగతి మాత్రం రాసి లేదు, అది అందరికీ తెలుసు.

"ఏ టేబులన్నా?" టేబుళ్లు చూసుకునే మార్కర్ అడుగుతాడు.

మీతో వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడు నీలం టేబుల్ వైపు చెయ్యి చూపిస్తాడు. "గదే ఈజీ. పాకెట్లు బకెట్లంత ఉంటయ్."

మార్కర్ నవ్వుతాడు. "ముందుగాల చిన్నదాని మీద ఒక ఆట ఆడు తమ్మీ. మళ్ల చెప్పు."

చిన్నదాని దగ్గరికే వెళ్తారు. కుషన్‌కు ఆనుకున్నంత దగ్గరగా ఒక ఎర్ర బాల్ ఉంది. మూల పాకెట్ రెండడుగుల దూరం కూడా లేదు. సన్నటి యాష్ క్యూకి చాక్ రాసి, వంగి, కొడతారు. బాల్ పాకెట్ మూతికి తగిలి, అటూ ఇటూ కొట్టుకుని, బయటికొచ్చి నిలబడుతుంది. కుర్రాడు పళ్లు బయటపెడతాడు.

ఆ పాకెట్ మూతిని వేలితో తడమండి. అంచులు లోపలికి గుండ్రంగా వంగి ఉంటాయి. ఇది స్నూకర్ టేబుల్ పోలిక. 1875లో జబల్‌పూర్ సైనిక మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి బిలియర్డ్స్ టేబుల్ మీదికి రంగు బాల్స్ తెచ్చాడు. అలా పుట్టిన స్నూకర్‌కు తర్వాత ఊటీ క్లబ్‌లో నియమాలు కుదిరాయి. ఆ పెద్ద టేబుల్‌ను బ్రిటన్ పబ్బుల్లో పట్టేలా కుదిస్తే వచ్చింది మీ ముందున్న ఈ ఏడడుగులది.

కొలతలు చూడండి. ఇక్కడ బాల్ 51 మిల్లీమీటర్లు, పాకెట్ మూతి సుమారు 89. అమెరికన్ బాల్ 57, మూల పాకెట్ 114. అంటే అక్కడ రెండు బాల్స్ పక్కపక్కనే పడతాయి, ఇక్కడ పట్టవు. పైగా ఈ గుడ్డకు నూగు ఉంది. మెల్లగా కొట్టిన బాల్ చివర్లో పక్కకు వాలుతుంది.

ఇంకో చిక్కు ఆట నడుమ తెలుస్తుంది. ఆడే చోటు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పదిహేను బాల్స్ అందులో ఇరుక్కుని కూర్చుంటాయి. అమెరికన్ టేబుల్‌కు దాదాపు రెట్టింపు చోటుంది. మీ ఎర్ర బాల్‌కు దారి ఉన్నట్టే ఉంటుంది, క్యూ పెట్టగానే పసుపుది అడ్డం కనబడుతుంది. ఒక్కోసారి బాల్ వెయ్యడం మాని, ఎదుటివాడికి దారి మూసేయడమే మంచి షాట్.

ఎలాగో గెలుస్తారు. "ఇప్పుడు నీలంది," అంటాడు కుర్రాడు.

క్యూ మారుతుంది: మేపుల్ కర్ర, వేలంత లావు టిప్. నూగు లేని గుడ్డ మీద క్యూతో కొట్టే తెల్ల బాల్, అంటే వైట్, జారినట్టు పోతుంది. కుర్రాడు బ్రేక్ కొట్టి వరసగా నాలుగు వేస్తాడు. అందులో ఒకటి కుషన్‌కు రాసుకుంటూ వెళ్లి కూడా పడుతుంది. చిన్న టేబుల్ మీదైతే అది తప్పకుండా బయటికొచ్చేది.

ఐదోదానికి ఆగుతాడు. వైట్ ఈ చివర, బాల్ ఆ చివర. మూల నుంచి మూలకు తొమ్మిదడుగులు దాటింది. పాకెట్ వెడల్పులో ఉన్న సౌకర్యాన్ని ఇంత దూరం దాదాపు మింగేస్తుంది. పొడవు షాట్లకు ఈ రెండు టేబుళ్లలో దొరికే వెసులుబాటు ఇంచుమించు ఒకటే. కుర్రాడు గట్టిగా కొడతాడు. బాల్ పడుతుంది. వైట్ రెండు కుషన్లు తిరిగొచ్చి, సైడ్ పాకెట్లోకి జారిపోతుంది.

"పెద్ద పాకెట్ వైట్‌కు కూడా పెద్దదే," మార్కర్ అంటాడు.

ఫౌల్. ఇప్పుడు వైట్ మీ చేతిలో, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఈ టేబుల్ మీద ఆ శిక్ష చిన్నది కాదు. కుర్రాడంత వేగంగా మీరు వెయ్యలేదు. కానీ వేసిన ప్రతిసారీ వైట్‌ను తర్వాతి బాల్ వెనక నిలిపారు. ఆరు, ఏడు, ఎనిమిది. ఆట అయిపోతుంది.

కుర్రాడు ఒప్పుకోడు. "పాకెట్ టైట్ చేస్తే తెలుస్తది ఎవలు ఆడతరో."

చేశారు కూడా. మ్యాచ్‌రూమ్ అనే సంస్థ నడిపే నైన్‌బాల్ టోర్నీల్లో మూల పాకెట్లను 4 అంగుళాలకు బిగించారు. చైనాలో హేబాల్ అనే పూల్ ఆట ఇంకో అడుగు ముందుకేసింది: అమెరికన్ సైజు టేబుల్, అమెరికన్ బాల్స్, స్నూకర్ తరహా గుండ్రని పాకెట్లు. దూరం, ఇరుకు రెండూ ఒకేచోట కలిశాయి. ఈ పూల్ టేబుళ్లలో కష్టమైనది ఏదని అడిగితే జవాబు అదే.

ఈ గదిలో ఉన్న రెండు పూల్ టేబుళ్ల మధ్య మాత్రం ప్రశ్న వేరు. చిన్నది గురిని పరీక్షిస్తుంది, పెద్దది ఆ తర్వాతి షాట్‌ను. అందుకే డబ్బులు మీ జేబులోంచి పోకూడదనుకుంటే ముందు ఎదుటివాడిని చూడండి. గురి తప్పనివాడైతే నీలం టేబుల్ దగ్గరికి నడిపించండి. వైట్‌ను చెప్పినచోట నిలిపేవాడైతే గోడవారకు లాక్కెళ్లండి. రెండూ వచ్చినవాడైతే, బిల్లు మీరే కట్టి నేర్చుకోండి.