వకీలు మూటలో చరిత్ర: తెలంగాణ న్యాయవాదుల ఉత్తరప్రత్యుత్తరాల పరిశీలన

తెలంగాణలో ఆంధ్రోద్యమ చరిత్రను మనం ఆంధ్రమహాసభల వరుసలో చెప్పుకుంటాం. 1930లో జోగిపేట, 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మం, 1935లో సిరిసిల్ల, 1936లో షాద్‌నగర్, 1937లో నిజామాబాద్. అధ్యక్షుల పేర్లూ అదే వరుసలో నోటికి వస్తాయి: సురవరం ప్రతాపరెడ్డి, బూర్గుల రామకృష్ణారావు, పులిజాల వెంకటరంగారావు, మాడపాటి హనుమంతరావు, కొండా వెంకటరంగారెడ్డి, మందుముల నరసింగరావు. వీరిలో ఎక్కువమంది వకీళ్లు. సభ రెండు మూడు రోజుల్లో ముగిసేది. మరి దేవరకొండకూ ఖమ్మానికీ నడుమ మూడేళ్లపాటు ఆ ఉద్యమం ఎలా నిలబడింది? తీర్మానాల పుస్తకాల్లో దీనికి జవాబు దొరకదు. వెతకవలసింది వకీళ్ల ఇళ్లలోని కాగితాల మూటల్లో.

ఈ వ్యాసంలోని వాదన ఒక్కటే. వకీలు ఉత్తరాలను స్వంతవనీ, వృత్తివనీ, ప్రజాకార్యానివనీ కుప్పలుగా విడదీయడం చరిత్రకు చేటు. మూటను మూటగానే దాచాలి, మూటగానే చదవాలి.

వకీలు బల్ల మీద

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ పాఠశాల ఆవరణలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. అందులో వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజనసంఘం పుట్టిందన్నది అందరికీ తెలిసిన కథ. అయితే ఆ మనిషి వకీలు కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఆనాటి తెలంగాణ తెలుగు సమాజంలో ప్రభుత్వ భాషా, ఊరి భాషా రెండూ వచ్చి, ప్రభుత్వ జీతం మీద ఆధారపడకుండా బతకగలిగినవాడు దాదాపు వకీలొక్కడే. నిజాం కొలువులో 1880లలో ఫారసీ స్థానంలో ఉర్దూ వచ్చింది. ఆ తర్వాత అదాలతులో దావా, జవాబుదావా, ఫైసలా అన్నీ ఉర్దూలోనే. కక్షిదారు మాత్రం ఊరి నుంచి తెలుగులో రాసేవాడు, లేదా తెలుగు వచ్చిన ఎవరిచేతనో రాయించేవాడు. ఆ రెంటి మధ్య వకీలు ఉన్నాడు.

కక్షిదారు ఉత్తరం తీరు ఒకసారి చూద్దాం. మొదట 'మహారాజశ్రీ ఫలానావారి సముఖమునకు' అని సంబోధన. తర్వాత ఉభయకుశలోపరి. ఆ వెంట పేషీ ఎప్పుడో తెలియజేయమనీ, ఫైసలా నకలు తీసి ఉంచమనీ, తహసీలులో దర్ఖాస్తు ఎక్కడ ఆగిందో కనుక్కోమనీ అడగడం. అక్కడి నుంచి పట్వారీ చేసిన ఆగడం. దాని కింద, కాగితం అంచున చోటు చాలక అడ్డంగా తిప్పి, కొడుకు చదువుకు పట్నంలో వసతి చూడమని ఒక కోరిక. చివర్లో ఫీజు బాకీ పంట వచ్చాక పంపుతానన్న మాట. ఒకే కాగితంలో వ్యాపారం ఉంది, చుట్టరికం ఉంది, ఫిర్యాదు ఉంది. దీన్ని ఏ కుప్పలో వేస్తాం? దావా కాగితంగా లెక్కగట్టి పక్కన పడేస్తే హైదరాబాదులో తెలుగు విద్యార్థి వసతుల చరిత్రకు ఒక ఆధారం పోతుంది. స్వంత ఉత్తరంగా లెక్కగడితే పట్వారీ ఆగడం కనుమరుగవుతుంది.

మాడపాటి హనుమంతరావు పని తీరు చూస్తే ఈ కలగలుపు ఎంత ఫలవంతమైందో అర్థమవుతుంది. ప్రభుత్వ ఉద్యోగం వదిలి వకాలత్‌లోకి వచ్చినవాడాయన. ఆంధ్రజనసంఘం కార్యదర్శిగా వెట్టిచాకిరీ సమస్యను ఎత్తుకున్నప్పుడు ఆయన చేసిన మొదటి పని వకీలు పనే. వెట్టిని కట్టడి చేస్తూ ప్రభుత్వమే అంతకుముందు జారీ చేసిన గస్తీ ఉత్తర్వులను పోగుచేసి, సంఘం తరఫున తెలుగులో చిన్న పుస్తకంగా వేయించారు. ఆ ఉత్తర్వులు ఉర్దూలో, దఫ్తర్లలో ఉండిపోయినంతకాలం ఊళ్లో చాకలికీ మంగలికీ వాటివల్ల ఒరిగిందేమీ లేదు. తెలుగులోకి రాగానే దేశ్‌ముఖు ముందు చూపించదగ్గ కాగితమైంది. వర్తక స్వాతంత్ర్యం మీదా, వృత్తులవారిపై వేసే మోతుర్ఫా పన్ను మీదా సంఘం వేసిన పుస్తకాలదీ ఇదే దారి. నా అంచనాలో తెలంగాణ ప్రజా రాజకీయాల తొలి ఆయుధం ఉపన్యాసం కాదు, ఇలాంటి కాగితం.

దానికి బలమైన కారణమూ ఉంది. గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రోజుల్లో ముందస్తు అనుమతి లేకుండా బహిరంగ సభ జరపడానికి వీల్లేదు. ఆ అనుమతి కోసం తాలూక్‌దారుకు రాయాలి, జవాబు రాకపోతే మళ్లీ రాయాలి, వచ్చిన షరతుల మీద వాదించాలి. సభ తేదీ కన్నా ఎంతో ముందు సభ ఉత్తరాల్లో జరిగేది. మాడపాటి 'తెలంగాణ ఆంధ్రోద్యమము' రాసినప్పుడు ఆయనకు చేయూతనిచ్చింది, ఈ బల్ల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్న అనుభవమే. ఆ గ్రంథాన్ని జ్ఞాపకాల పుస్తకంలా చదివేవాళ్లు దాని సగం విలువ వదులుకుంటున్నారు.

సురవరం ప్రతాపరెడ్డి మద్రాసులో బి.ఎల్. చదివి వకాలత్ కొన్నాళ్లు చేసి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1934 నాటి 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులు చేరారంటే ఊరూరి నుంచి తపాలాలో వచ్చిన పద్యాలూ, వివరాలే దానికి పునాది. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు ఆయన వాదనతో సరిపెట్టలేదు, సాక్ష్యం తెచ్చి ముందు పెట్టారు.

బూర్గుల రామకృష్ణారావు హైకోర్టులో పేరుమోసిన న్యాయవాది. పి.వి. నరసింహారావు ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేశారు. హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉండి తెలంగాణ విలీనం గురించి కాంగ్రెస్ అధ్యక్షుడు ధేబర్‌కు బూర్గుల రాసిన లేఖను విశాలాంధ్ర వాదులూ, ప్రత్యేక తెలంగాణ వాదులూ తమ తమ వైపు లాక్కుంటూ వచ్చారు. ఆ లేఖను ఒంటరిగా చదివినంతకాలం ఈ పంచాయతీ తెగదు. రెండు పక్షాల బలాన్నీ పై అదాలతు ముందు పరచిపెట్టడం ఏళ్ల తరబడి చేసిన వకాలత్ నేర్పిన చెయ్యి. ఆ చేతిరాత అలవాటు తెలియాలంటే ఆయన కక్షిదారులకు రాసిన సలహా ఉత్తరాలు కూడా పక్కన ఉండాలి.

తారీఖు, బిళ్ల

ఈ మూటలు విప్పే పరిశోధకుడు మొదట తడబడేది తారీఖు దగ్గర. నిజాం రాజ్యపు ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజూరు నెలతో మొదలవుతుంది. కాబట్టి ఆజూరు నుంచి డిసెంబరు చివరి దాకా ఫసలీకి 590, జనవరి నుంచి 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. చాలామంది ఒకే అంకె కలిపి ఊరుకుంటారు. జాగీర్ల రద్దు రెగ్యులేషన్‌నే తీసుకోండి. దాని మీద 1358 ఫసలీ అని ఉంటుంది. 590 కలిపితే 1948 ఆగస్టు, అంటే పోలీసు చర్యకు నెల ముందు, లాయక్ అలీ మంత్రివర్గం ఏలుబడిలో జాగీర్లు రద్దయినట్టు తేలుతుంది. నిజానికది 1949 ఆగస్టు 15, సైనిక ప్రభుత్వ కాలం. ఒక్క ఏడాది తేడాలో రాజ్యమే మారిపోయింది. బెదిరిపోయిన జాగీర్దారు వకీలుకు రాసిన ఉత్తరమైనా, ధైర్యం తెచ్చుకున్న రైతు రాసిన ఉత్తరమైనా, ఈ లెక్క తప్పితే తలకిందులుగా అర్థమవుతుంది.

కవరునూ పారేయకూడదు. నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత తపాలా బిళ్లలుండేవి. అవి రాజ్యం లోపలే చెల్లేవి. బెజవాడకో మద్రాసుకో రాయాలంటే బ్రిటిషు ఇండియా తపాలా కావాలి. అందువల్ల ఉత్తరం లోపల ఊరి పేరు లేకపోయినా, బిళ్లను బట్టి అది రాజ్యం లోపలిదో బయటిదో చెప్పవచ్చు. ఆంధ్ర ప్రాంత నాయకులతో తెలంగాణ వకీళ్లకు ఏ ఏడాది నుంచి రాకపోకలు చిక్కబడ్డాయో కవర్లే చెప్పగలవు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏం చేశారు

ఒక వకీలు కాగితాలను పూర్తిగా పోగుచేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లక తప్పదు. అబ్రహాం లింకన్ అధ్యక్షుడు కాకముందు పాతికేళ్లు ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో న్యాయవాది. 1844 నుంచి విలియం హెర్న్‌డన్ ఆయన భాగస్వామి. ఆ ఆఫీసులో కాగితాలకు ఒక వరుసంటూ ఉండేది కాదు; లింకన్ ఉత్తరాలు టోపీలో కూడా పెట్టుకు తిరిగేవాడని హెర్న్‌డనే రాశాడు. చాలాకాలం చరిత్రకారులు ఆయన రాజకీయ లేఖలనే ముద్రించారు, దావా కాగితాలు జిల్లా కోర్టుల అటకల మీదే ఉన్నాయి. 1985లో మొదలైన లింకన్ లీగల్ పేపర్స్ పథకం ఆ కోర్టులన్నీ గాలించి, 5,000కు పైగా కేసుల కాగితాలు వెలికితీసి 2000లో ప్రచురించింది.

దానితో మనిషి బొమ్మే మారింది. పల్లెటూరి పేదల పక్షాన నిలిచిన వకీలన్న ప్రచారం వెనుక అప్పుల వసూలు దావాలు కుప్పలుగా బయటపడ్డాయి. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే తరఫున పన్ను కేసు గెలిచి, ఫీజు ఇవ్వకపోతే ఆ కంపెనీ మీదే దావా వేసి 5,000 డాలర్లకు తీర్పు తెచ్చుకున్నవాడూ ఆయనే. 1856 ఫిబ్రవరిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే కక్షిదారు ఒక చిన్న పనికి 25 డాలర్లు పంపితే, పదిహేను చాలునని పది డాలర్లు తిప్పి పంపినవాడూ ఆయనే. ఈ రెండూ పక్కపక్కన ఉంటేనే మనిషి కనిపిస్తాడు. రెండో ఉత్తరాన్ని మాత్రమే దాచుకుంటే భక్తి మిగులుతుంది, చరిత్ర మిగలదు. మన నాయకుల లేఖా సంపుటాలు ఎక్కువగా ఆ రెండో దారిలో నడిచాయని బాధతోనే చెప్పాలి.

గోప్యత మాటేమిటి

కక్షిదారు రహస్యం బయటపెట్టవచ్చా అన్న అభ్యంతరం న్యాయమైనదే. 1872 సాక్ష్య చట్టం 126వ సెక్షను వకీలుకు కక్షిదారు చెప్పిన మాటలను కాపాడింది; 2024 జులై నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షను అదే పని చేస్తోంది. కేసు ముగిసినా, వకాలత్ ముగిసినా ఈ బాధ్యత ముగియదు. అందుకని కాగితాలు తగలబెట్టాలా? లింకన్ కొడుకు రాబర్ట్ చూపిన దారి ఉంది. తండ్రి కాగితాలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించి, తాను చనిపోయాక 21 ఏళ్ల దాకా తెరవకూడదని షరతు పెట్టాడు. ఆయన 1926 జులై 26న పోయాడు, పెట్టెలు 1947లో తెరిచారు. మన వకీలు కుటుంబాలూ ఇలాంటి గడువు రాసి ఇవ్వవచ్చు. కక్షిదారుల బతికి ఉన్న వారసుల పేర్లు కప్పి నకళ్లు ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు.

రావిర్యాల వైపు నుంచి

ఈ సంగతి ఇబ్రహీంపట్నం దిక్కు మరీ తొందర పడవలసిన విషయం. కొండా వెంకటరంగారెడ్డి పేరిట 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా ఇది. ఒక వకీలు పేరు పెట్టుకున్న జిల్లా. హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా నిజాం సొంత సర్ఫెఖాస్‌గా ఉండి, 1949లో దివానీలో, అంటే ప్రభుత్వ భూభాగంలో కలిసింది. జాగీరు, మక్తా, ఇనాం, పట్టా అన్నీ కలగలిసిన ఈ నేలలో ఒక సర్వే నంబరు కథ తెలియాలంటే సేత్వారు, ఖాస్రా పహాణీ, విరాసత్ ఫైసలా లాంటి పాత భూమి కాగితాలన్నీ తిరగేయాలి. 2008లో శంషాబాదు విమానాశ్రయం, ఆ తర్వాత ఔటర్ రింగు రోడ్డు, 2016లో వండర్‌లా వినోద పార్కు వచ్చాక ఈ జిల్లాలోని రావిర్యాల చుట్టుపక్కల భూమి ధర ఎక్కడికి పోయిందో వేరే చెప్పక్కర్లేదు. ధర పెరిగిన చోట పాత కాగితానికి రెండు రకాల గిరాకీ వస్తుంది. హక్కు నిరూపించుకోవాలనుకునేవాళ్లు ఒకరు, పాత స్టాంపు కాగితంతో కొత్త హక్కు పుట్టించాలనుకునేవాళ్లు మరొకరు. ఈ రెండో రకం చేతికి చిక్కితే వకీలు మూట సాక్ష్యంగా పనికిరాకుండా పోతుంది. మూట వరుస చెదరకుండా ఉంటే, మధ్యలో దూర్చిన కాగితం పట్టుబడుతుంది. పైనా కిందా ఉన్న ఉత్తరాల తారీఖులు, సిరా, చేతిరాత దాన్ని పట్టిస్తాయి. మూటను విడదీయవద్దనడానికి ఇది చరిత్రకారుడి కారణమే కాదు, రైతు కారణం కూడా.

మరో ఇబ్బంది ఉర్దూ శికస్తా (గొలుసుకట్టు) రాత. తాతల నాటి మిసిళ్లు (కేసు కాగితాల కట్టలు) చదవలేక, తెలుగు ఉత్తరాలు మాత్రం ఏరి మిగతావి పాత కాగితాల బండికి వేసే ఇళ్లు ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. చదవగలవాళ్లను తయారుచేయని విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలదే ఈ బాధ్యత. తెలంగాణ చరిత్ర మీద పిహెచ్.డి. చేసే ప్రతివారికీ ఒక ఏడాది ఉర్దూ దస్తావేజుల పఠనం తప్పనిసరి చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు మూలం 1894 నాటి దఫ్తర్-ఎ-దివానీ. షాజహాను, ఔరంగజేబు కాలపు కాగితాలు లక్షన్నర దాకా అక్కడ భద్రంగా ఉన్నాయి. మొగలు సైన్యపు హాజరు పట్టీలకు దొరికిన గూడు మన వకీళ్ల మూటలకూ దొరకాలి. ఇబ్రహీంపట్నం, ఎల్.బి. నగర్ న్యాయవాద సంఘాలు తమ పాత సభ్యుల కుటుంబాల జాబితా తీసి ఆర్కైవ్స్‌తో మాట్లాడితే పని మొదలవుతుంది. మీ ఇంట్లో అలాంటి మూట ఉంటే ముడి విప్పి ఏరకండి. కవర్లు, నకళ్లు, లెక్క చీటీలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఎవరిదో, ఏ అదాలతులో పనిచేశారో ఒక కాగితం మీద రాసి పైన పెట్టండి. గడువు మీరే పెట్టి అప్పగించండి.