పొడుగు బండి, పొట్టి చట్రం

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయవలసినదని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు చాల సంకోచించినాను. రాజుల సంగతులూ, శాసనాల సంగతులూ వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. ఖుర్దారోడ్డులో గూడ్సు రశీదులు వ్రాసుకొనే మెట్రిక్యులేషను గుమాస్తాకు చరిత్ర ఏమి తెలియును? అయితే నా బ్రతుకంతా బండ్లూ, బరువులూ, కొలతలతోనే గడుస్తున్నది. కనుక ఒక బండి చరిత్రే వ్రాస్తున్నాను. అది అమెరికా బండి.

టెక్సాసు రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా మేనత్త కొడుకు, నాకు బావ, మూడేండ్ల క్రిందట ఒక పాత షెవ్రొలే పికప్ ట్రక్కు కొన్నాడు. అది 1969 నాటిది. కొన్న కొద్ది నెలలకే దాని చట్రాన్ని నడిమికి కోసినాడని విని నాకు మతి పోయినది. “నిక్షేపంగా నడిచే బండిని కోయడమేమిటి బావా?” అని టెలిఫోనులో అడిగినాను. “పొడుగు ఎక్కువైనది బావా, పొట్టి చేస్తున్నాను” అన్నాడు, పంట్లాము అంచు మడిచినంత తేలికగా.

నిజానికి ఈ జాతి బండి పుట్టినదే చట్రాన్ని పొడుగు చేయడంవల్ల. 1908లో ఫోర్డు కంపెనీ మోడల్ టి కారును తెచ్చినది. దాని ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 100 అంగుళాలు. మనుషులు కూర్చొనడానికి అది చాలును గాని, రైతుకు బస్తాలు వేసుకొనే చోటు కావలెను. ఫోర్డు వారు లారీ చేయకముందే ఇతరులు కొందరు ఆ కారుకు చట్రం పొడిగించే సామగ్రి, బరువైన వెనుక ఇరుసు, దానిని త్రిప్పే గొలుసులు అమ్మసాగినారు. ఇది చూచి ఫోర్డు వారే 1917లో మోడల్ టిటి అనే ఒక టన్ను బండిని తెచ్చినారు. దాని ఇరుసుల దూరం 124 అంగుళాలు. అనగా కారు కన్న రెండడుగులు ఎక్కువ. 1925లో చిన్న కారు వెనుక ఇనుప తొట్టి బిగించి, పికప్ అని పేరు పెట్టి 281 డాలర్లకు అమ్మినారు. ఆ తొట్టి పొడవు అయిదడుగులు కూడ లేదు.

చట్రాల తయారీ ఆ రోజులలోనే పెద్ద పరిశ్రమ అయినది. మిల్వాకీ నగరంలో ఎ. ఓ. స్మిత్ కంపెనీ 1921లో పెట్టిన యంత్రశాలలో రేకు వంచడం మొదలు రివెట్లు కొట్టడం వరకు యంత్రాలే చేసేవి. రోజుకు 10,000 చట్రాల దాకా వచ్చేవట. మా వ్యాగన్ల అడుగుచట్రాలను ఎరిగిన నాకు ఈ అంకె చదివినప్పుడు కొంత అసూయ కలిగినది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, 1947లో షెవ్రొలే వారు కొత్త వరుస ట్రక్కులు విడుదల చేసినారు. బరువునుబట్టి ఇరుసుల దూరం 116, 125¼, 137 అంగుళాలు. ఇక మా బావ కొన్న రకం 1967 నుండి 1972 వరకు వచ్చినది. అందులో పొట్టిది 115, పొడుగుది 127 అంగుళాలు. పొట్టిదాని తొట్టి ఆరున్నర అడుగులు, పొడుగుదానిది ఎనిమిది. ఆ దేశంలో ప్లైవుడ్ పలక నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. పొడుగు తొట్టిలో పలక చదునుగా పడుకొంటుంది, వెనుక తలుపు కూడ మూతపడుతుంది. వడ్రంగి గాని, రైతు గాని ఇంకేమి చూస్తాడు? పొడుగువే ఎక్కువ అమ్ముడుపోయినవి.

ఏండ్లు గడచి పాతబడిన తరువాత వాటిని కొనేవారు మారినారు. ఇప్పటివారు బరువులు మోయరు, అందం చూస్తారు. పొట్టి బండి చూపుకు పొందికగా ఉంటుంది, పైగా మొదటినుండీ తక్కువగా ఉన్నది. కనుక దాని వెల ఎక్కువ. చౌకగా దొరికే పొడుగు బండిని కొని కోసుకొనడం అందువల్ల వాడుకలోకి వచ్చినది.

పని వినడానికి తేలిక. చట్రానికి నిచ్చెన వలె రెండు పొడుగు దూలాలు, మధ్య అడ్డపట్టీలు ఉంటవి. ఒక్కొక్క దూలంలో నడుమ 12 అంగుళాలు, వెనుక కొసన 8 అంగుళాలు తీసివేయవలెను. కాని వెనుక ఇరుసును పట్టి ఉంచే రెండు చేతులు ముందున్న ఒక అడ్డపట్టీకి బిగించి ఉంటవి. ఆ పట్టీ, ఇరుసు విడిపోకుండా ఒకే ముక్కగా ముందుకు జరగవలెను. కోత కూడ ఒకే నిలువు గీతగా ఉండరాదు. అతుకంతా ఒకే గీతమీద ఉంటే, బరువు పడినప్పుడు పగులు పైనుండి క్రిందికి సూటిగా పరుగెత్తును. అందుకని మెట్టు వలె కోసి, వెల్డింగు చేసి, లోపలివైపు దళసరి రేకు వేసి బలపరుస్తారు. పెద్ద లారీల చట్రాలలో కొన్ని కాచి గట్టిపరచిన ఉక్కుతో చేసినవి. వాటికి వెల్డింగు వేడి తగిలితే ఆ బలమే పోతుంది. వాటి జోలికి పోరాదు.

మా బావ ఒక దూలాన్ని రివెట్టు దగ్గరనుండి, రెండవదానిని అడ్డపట్టీ అంచునుండి కొలిచినాడు. అక్కడక్కడ చుక్కలు పెట్టి అతికిన తరువాత మూలనుండి మూలకు కొలిచి చూస్తే అర అంగుళం తేడా! అట్లే వదలితే బండి ఎండ్రకాయ నడక నడుస్తుంది. చుక్కలన్నీ రాచి తీసి మళ్లీ మొదలుపెట్టినాడు. రెండు ఆదివారాలు పోయినవి. పిల్లలు ఎక్కే బండి, రెండు నెలలు పోయినా పరవాలేదని మా అక్కయ్య కోప్పడిందట. తరువాత ప్రొపెల్లర్ షాఫ్టును పొట్టి చేయించి, వణకకుండా తూకం సరిచూపించవలసి వచ్చినది. బ్రేకు గొట్టం, చేతిబ్రేకు తీగ తగ్గించవలసి వచ్చినది. పెట్రోలు ట్యాంకు మాత్రం డ్రైవరు సీటు వెనుకనే ఉండుటచేత దానిని కదల్చలేదు.

మన దేశంలో ఇది ఇష్టం వచ్చినట్లు చేసే పని కాదు. బెజవాడ ఆటోనగరులో ఖాళీ చాసీమీద లారీ బాడీ కట్టే మేస్త్రీల చేతి నేర్పు మీలో చాలమంది చూచియుందురు. కాని కంపెనీ వారు చెప్పిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధించుచున్నది. ఈ సంగతి చెబితే మా బావ నవ్వినాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కోసిన దూలాన్ని అతికి మళ్లీ పొడుగు చేసినా, అది కంపెనీ నుండి వచ్చిన దూలం కానేరదు గదా.

పొట్టి తొట్టి వేరొకచోట దొరికినది. పాత పొడుగు తొట్టి దొడ్డిలో మిగిలినది. ఒకనాడు బండి అమ్మిన ముసలి రైతు చూడవచ్చినాడట. ఆ బండిని ఆయన తండ్రి కొత్తగా కొన్నాడు. పొట్టిగా నిలిచిన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనక, తొట్టి దగ్గరకు పోయి నిలబడినాడు. “దీనిని ఏమి చేస్తావు?” అని అడిగినాడు. తీసుకొనిపొమ్మన్నాడు మా బావ. ఆయన దాని క్రింద ఒక పాత ఇరుసు తగిలించి, ట్రాక్టరు వెనుక కట్టినాడు. ఇప్పుడది ఆయన పొలంలో గడ్డి మోస్తున్నది. నడుమ కోసి తీసిన 12 అంగుళాల దూలం ముక్కలు రెండూ మా బావ షెడ్డు గోడకు మేకుమీద వ్రేలాడుతున్నవి.