సువార్త

క్రిస్మస్ నాడు ప్రార్థన మందిరములలో మాటిమాటికి వినవచ్చు ‘సువార్త’ గ్రీకు ‘యువాంగెలియోన్’కు సరియైన అనువాదము. క్రీ.పూ. 9 నాటి ప్రియేనే శాసనము అగస్టస్ చక్రవర్తి జన్మదినమును లోకమునకు శుభవార్తల ఆరంభమని కీర్తించినది. రాజప్రశస్తికి వాడిన ఆ మాటనే లూకా క్రియారూపమున, రాత్రివేళ పొలములో మందను కాచుకొనుచున్న గొల్లలయెదుట దేవదూతచేత పలికించెను (తెలుగు బైబిలున అచ్చట ‘సువర్తమాన’మని యున్నది). కౌటిల్యుని అర్థశాస్త్రమున ‘వార్త’ యనగా కృషి, పశుపాలనము, వాణిజ్యము. కావున పశువులకాపరుల చెవిని మొదట పడిన కబురునకు, కూర్చినవారు తలంచిరో లేదో కాని, ఈ పేరు చక్కగా అమరినది. వినుకొండలో జన్మించిన గుర్రం జాషువా ఆ కథనే పద్యములలో ‘క్రీస్తు చరిత్ర’గా రచించి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము నందెను. భక్తికిని కవిత్వమునకును పొత్తు కుదరదనువారు ముందు ఆ కావ్యమును చదువవలెను.