కెనడాలో అత్యవసర భృతి నుండి ఉపాధి బీమాకు మార్పు (2020)

కోవిడ్-19 మహమ్మారి వలన ఆదాయం కోల్పోయినవారికి కెనడా సమాఖ్య ప్రభుత్వం 2020లో ఒక అత్యవసర భృతిని ఇచ్చింది. దీని పేరు కెనడా ఎమర్జెన్సీ రెస్పాన్స్ బెనిఫిట్. ఆంగ్ల పేరులోని మొదటి అక్షరాలను కలిపి దీనిని వాడుకలో సెర్బ్ అనేవారు. ఈ భృతి 2020 మార్చి 15 నుండి సెప్టెంబరు 26 వరకు గల కాలానికి వర్తించింది. సెప్టెంబరు 27 నుండి లబ్ధిదారులలో అర్హులను దేశంలో 80 ఏళ్ళుగా ఉన్న ఉపాధి బీమా పథకంలోకి మార్చారు. ఆ బీమా పరిధిలోకి రానివారి కొరకు మూడు తాత్కాలిక భృతులను కొత్తగా ఏర్పరచారు. సుమారు 89 లక్షల మంది సెర్బ్ పొందగా, మొత్తం చెల్లింపులు 8,100 కోట్ల కెనడా డాలర్లు దాటాయి. ఇంతమందిని ఒక పథకం నుండి మరొక పథకంలోకి మార్చడం ఆ దేశ సంక్షేమ చరిత్రలో అంతకుముందు జరగలేదు. ఈ వ్యాసంలోని మొత్తాలన్నీ కెనడా డాలర్లలో ఇవ్వబడినవి.

నేపథ్యం

కెనడాలో నిరుద్యోగ బీమా తేలికగా పుట్టలేదు. 1935లో ప్రధాని ఆర్.బి. బెన్నెట్ ప్రభుత్వం తెచ్చిన చట్టం రాష్ట్రాల అధికారాలలో జోక్యం చేసుకుంటున్నదని న్యాయస్థానాలు కొట్టివేశాయి. 1937లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. తరువాత మెకంజీ కింగ్ ప్రభుత్వం 1940లో రాజ్యాంగ సవరణ చేయించి, నిరుద్యోగ బీమాను సమాఖ్య ప్రభుత్వ అధికార పరిధిలోకి తెచ్చి, అదే సంవత్సరం చట్టం చేసింది. 1996లో ఈ పథకానికి ఉపాధి బీమా అని పేరు మార్చారు. పనిచేసిన వారాలకు బదులు పనిచేసిన గంటలను లెక్కించే పద్ధతి కూడా ఆ సంస్కరణతోనే వచ్చింది.

దీనికి ఉద్యోగులు, యజమానులు ప్రీమియం చెల్లిస్తారు. ఉద్యోగం పోయిన వ్యక్తి అంతకుముందు 52 వారాలలో 420 నుండి 700 గంటలు బీమా వర్తించే పని చేసి ఉండాలి. ఎన్ని గంటలన్నది అతడు నివసించే ప్రాంతపు నిరుద్యోగ రేటుపై ఆధారపడుతుంది. నిరుద్యోగం హెచ్చుగా ఉన్న చోట తక్కువ గంటలు చాలు. భృతి సగటు వారపు వేతనంలో 55 శాతం. 2020లో దీని గరిష్ఠ పరిమితి వారానికి 573 డాలర్లు. ఇది 14 నుండి 45 వారాల వరకు లభిస్తుంది. స్వయం ఉపాధి పొందేవారికి, ఏ యజమాని క్రిందా లేకుండా పని విడివిడిగా ఒప్పుకొని చేసేవారికి సాధారణ నిరుద్యోగ భృతి వర్తించదు. సెర్బ్ అవసరమవడానికి ఒక కారణం ఇదే. సెర్బ్ ముగిసినపుడు వచ్చిన చిక్కులలో ఎక్కువ భాగానికి మూలం కూడా ఇక్కడే ఉంది.

సెర్బ్ పుట్టుక

2020 మార్చి మూడవ వారంలో దుకాణాలు, భోజనశాలలు, విమాన సర్వీసులు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఆ ఒక్క వారంలోనే ఉపాధి బీమాకు దాదాపు 5 లక్షల దరఖాస్తులు వచ్చినట్లు ప్రధాని జస్టిన్ ట్రూడో ప్రకటించాడు. అంతకు ముందు సంవత్సరం అదే వారంలో వచ్చినవి సుమారు 27 వేలు మాత్రమే. ఒక్కొక్క దరఖాస్తుకు యజమాని ఇచ్చిన ఉద్యోగ వివరాల పత్రాన్ని సరిచూసి, గంటలు లెక్కకట్టి, ఉద్యోగం వదిలిన కారణం పరిశీలించవలసి ఉంటుంది. దశాబ్దాల నాటి కంప్యూటర్లపై నడిచే ఆ వ్యవస్థ ఇంత భారాన్ని మోయలేదని అధికారులు గ్రహించారు.

అందువలన ప్రభుత్వం పరిశీలనను తరువాతకు వాయిదావేసి, డబ్బును ముందు పంపే మార్గం ఎంచుకున్నది. మార్చి 25న చట్టం ఆమోదం పొందింది. ఏప్రిల్ 6న దరఖాస్తులు మొదలయ్యాయి. రద్దీ తగ్గించడానికి, పుట్టిన నెలను బట్టి వారంలో ఒక్కొక్క రోజు కేటాయించారు. 15 ఏళ్ళు నిండి, కెనడాలో నివసిస్తూ, 2019లో గాని దరఖాస్తుకు ముందు 12 నెలలలో గాని కనీసం 5,000 డాలర్లు సంపాదించి, మహమ్మారి కారణంగా పని ఆగిపోయినవారు అర్హులు. తాను అర్హుడనని దరఖాస్తుదారు ఇచ్చే హామీయే ఆధారం. బ్యాంకు ఖాతా వివరాలు నమోదై ఉన్నవారికి కొద్ది రోజులలోనే డబ్బు చేరేది. వేతనం ఎంతైనా, ప్రాంతం ఏదైనా అందరికీ ఒకే మొత్తం: నాలుగు వారాలకు 2,000 డాలర్లు. మొదట 16 వారాలని నిర్ణయించిన గడువును జూన్‌లో 24 వారాలకు, ఆగష్టులో 28 వారాలకు పొడిగించారు.

ఈ పథకాన్ని రెండు సంస్థలు నడిపాయి. ఉపాధి బీమాకు అర్హులైనవారికి సర్వీస్ కెనడా, మిగిలినవారికి పన్నుల శాఖ అయిన కెనడా రెవెన్యూ ఏజెన్సీ చెల్లించేవి. ఆ తొందరలో ఏ తలుపు తట్టామన్నది చాలామంది పట్టించుకోలేదు, ఎందుకంటే రెండు చోట్లా మొత్తం ఒకటే. కాని సెప్టెంబరులో అదే ముఖ్యమైన ప్రశ్న అయినది.

సెర్బ్‌లో ఒక లోపం మొదటి నుండీ విమర్శకు గురైనది. నాలుగు వారాలలో 1,000 డాలర్ల వరకు సంపాదించుకోవచ్చు. ఆ గీత దాటితే 2,000 డాలర్ల భృతి మొత్తం పోతుంది. గంటలు తక్కువగా దొరికే పనికి తిరిగి వెళ్ళదలచినవారికి ఇది అడ్డుగోడ వలె ఉండేది. ఉపాధి బీమాలో అలా కాదు. అక్కడ భృతి పొందుతూ సంపాదించే ప్రతి డాలరుకు సాధారణంగా 50 సెంట్లు మాత్రమే తగ్గిస్తారు.

మార్పు ప్రణాళిక

2020 మే నెలలో 13.7 శాతానికి చేరిన నిరుద్యోగ రేటు సెప్టెంబరు నాటికి 9 శాతానికి దిగింది. అయినా మహమ్మారికి ముందు, ఫిబ్రవరిలో ఉన్న 5.6 శాతంతో పోల్చితే అది చాలా ఎక్కువ. ఉపాధి బీమా నిబంధనలను యథాతథంగా అమలు చేస్తే, వసంతకాలం నుండి పని లేనివారికి కావలసిన గంటలు ఎక్కడివి? ఆగష్టు 20న ఉపాధి మంత్రి కార్లా క్వాల్ట్రో, రెండు రోజుల క్రితమే ఆర్థికమంత్రి పదవి చేపట్టిన క్రిస్టియా ఫ్రీలాండ్ కలిసి ప్రకటించిన ప్రణాళిక ఈ ప్రశ్నకు సమాధానం. అందులో బీమా చట్రాన్ని అలాగే ఉంచి, లెక్కలను మాత్రం సడలించారు.

దరఖాస్తుదారులందరికీ పని చేయకపోయినా 300 గంటలు ఒకసారి జమ చేశారు. ప్రసూతి, అనారోగ్యం వంటి ప్రత్యేక భృతులకైతే 480 గంటలు. దేశమంతటా నిరుద్యోగ రేటు కనీసం 13.1 శాతం ఉన్నట్లుగా భావించాలని నిర్ణయించారు. దీనివలన ప్రాంతంతో నిమిత్తం లేకుండా 420 గంటలు చాలు, భృతి కనీసం 26 వారాలు లభిస్తుంది. అంటే నిజంగా పనిచేయవలసినది 120 గంటలే, పూర్తికాల ఉద్యోగికి మూడు వారాల పని. సెర్బ్ పొందిన వారాల వలన నష్టం కలగకుండా, గంటలు లెక్కించే 52 వారాల కాలాన్ని వెనుకకు పొడిగించారు. ప్రీమియం రేటును రెండేళ్ళపాటు పెంచబోమని కూడా ప్రకటించారు.

భృతి మొత్తం మాత్రం వివాదాస్పదమైనది. వేతనంలో 55 శాతం ఎంత తక్కువైనా వారానికి 400 డాలర్లకు తగ్గకూడదని ఆగష్టు ప్రణాళిక చెప్పింది. సెర్బ్ వారానికి 500 డాలర్లు కాబట్టి, తక్కువ వేతనాలవారికి ఇది నెలకు 400 డాలర్ల పైచిలుకు కోత. అప్పటి ప్రభుత్వానికి పార్లమెంటులో ఆధిక్యం లేదు. న్యూ డెమోక్రటిక్ పార్టీ ఒత్తిడిపై సెప్టెంబరు 24న కనీస భృతిని 500 డాలర్లకు పెంచారు.

కొత్త తాత్కాలిక భృతులు

ఉపాధి బీమా సడలింపులు మంత్రి ఉత్తర్వులతో అమలైనవి. మార్చిలో చేసిన చట్టం ఇచ్చిన ఆ అధికారం సెప్టెంబరు 30తో ముగిసేది. బీమా బయట ఉన్నవారికి ఇచ్చే భృతులకు మాత్రం కొత్త చట్టం కావాలి. కాని ఆగష్టు 18న వాయిదాపడిన పార్లమెంటు సెప్టెంబరు 23న గాని తిరిగి సమావేశం కాలేదు. సెర్బ్ ముగియడానికి అప్పటికి మూడు రోజులే మిగిలాయి. సి-4 బిల్లు దిగువసభలో ఏకగ్రీవంగా నెగ్గి, అక్టోబరు 2న ఆమోదం పొందింది.

దీని ద్వారా ఏర్పడినవి: స్వయం ఉపాధి వారికి, బీమా వర్తించనివారికి 26 వారాల వరకు రికవరీ భృతి, అనారోగ్యం వలన లేదా క్వారంటైన్ వలన పని మానినవారికి రెండు వారాల భృతి, బడి మూతపడిన పిల్లలను గాని, ఇంటిలో ఆధారపడినవారిని గాని చూసుకునేవారికి కుటుంబానికి 26 వారాల వరకు సంరక్షణ భృతి. మూడింటిలోనూ వారానికి 500 డాలర్లు.

రికవరీ భృతి సెర్బ్ వంటిదే అని పొరబడేవారు. పని వెదుకుతున్నట్లు హామీ ఇవ్వాలి. తగిన పనిని నిరాకరిస్తే 10 వారాలపాటు భృతి ఆగిపోతుంది. పన్నుగా 10 శాతం ముందే మినహాయించుకుంటారు కనుక రెండు వారాలకు చేతికి వచ్చేది 900 డాలర్లే. సంవత్సరపు ఆదాయం 38,000 డాలర్లు దాటితే, దాటిన ప్రతి డాలరుకు 50 సెంట్ల చొప్పున తిరిగి చెల్లించాలి.

మార్పు జరిగిన తీరు

సర్వీస్ కెనడా ద్వారా సెర్బ్ పొందినవారిలో చాలామంది ఏమీ చేయనవసరం లేకపోయింది. చివరి చెల్లింపు తరువాత వారి అర్హతను ఆ సంస్థే పరిశీలించి ఉపాధి బీమా ప్రారంభించింది. వారు రెండు వారాలకొకసారి నివేదిక పంపుతూ ఉంటే సరిపోయేది. రెవెన్యూ ఏజెన్సీ ద్వారా పొందినవారు మాత్రం, బీమాకు అర్హులైనా, సర్వీస్ కెనడాకు కొత్తగా దరఖాస్తు చేయవలసి వచ్చింది.

సామాజిక బీమా సంఖ్య 9తో మొదలయ్యేవారికి కూడా ఈ స్వయంచాలక మార్పు వర్తించలేదు. ఆ సంఖ్యను తాత్కాలిక నివాసులకు, అనగా విదేశీ విద్యార్థులకు, పని అనుమతిపై వచ్చినవారికి ఇస్తారు. తెలుగు రాష్ట్రాల నుండి వెళ్ళి చదువుకుంటూ పనిచేస్తున్న విద్యార్థులు, పౌరసత్వం గాని శాశ్వత నివాసం గాని పొందని ఉద్యోగులు ఈ కోవలోకి వస్తారు. 5,000 డాలర్ల ఆదాయ నిబంధన నెరవేరితే సెర్బ్ పొందడానికి వీరికి అడ్డంకి లేకపోయినా, బీమా కొరకు తామే మళ్ళీ దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది.

అంతగా చర్చకు రాని మరొక చిక్కు చెల్లింపు తేదీలలో ఉంది. రెవెన్యూ ఏజెన్సీ సెర్బ్‌ను నాలుగు వారాల కాలం మొదలవగానే కోరవచ్చు. ఆగష్టు 30న మొదలైన చివరి కాలానికి సెప్టెంబరు తొలి రోజులలోనే డబ్బు వచ్చేది. రికవరీ భృతిని రెండు వారాలు ముగిసిన తరువాతనే కోరాలి. దాని మొదటి దరఖాస్తు తేదీ అక్టోబరు 12. అది థాంక్స్‌గివింగ్ సెలవు దినం కూడా. ఆ విధంగా కాగితం మీద ఒక్క రోజు విరామం లేకపోయినా, అద్దె కట్టవలసిన మనిషికి రెండు చెల్లింపుల మధ్య దాదాపు ఆరు వారాలు గడిచాయి.

తిరిగి వసూళ్ళు

ముందు చెల్లించి తరువాత పరిశీలించే పద్ధతికి రెండవ సగం 2020 చివర మొదలైనది. ఆదాయ నిబంధన నెరవేరిందో లేదో రుజువు చూపమని 4 లక్షలకు పైగా లబ్ధిదారులకు రెవెన్యూ ఏజెన్సీ ఉత్తరాలు పంపింది. స్వయం ఉపాధివారిలో ఎందరో 5,000 డాలర్లను ఖర్చులు తీయని రాబడిగా లెక్కించుకున్నారు. ఏజెన్సీ మాత్రం ఖర్చులు పోను మిగిలినదే ఆదాయం అన్నది. మొదట ఈ విషయం స్పష్టంగా చెప్పలేదని విమర్శలు రాగా, 2021 ఫిబ్రవరి 9న ప్రభుత్వం వెనుకకు తగ్గింది. ఖర్చులు తీయని రాబడి 5,000 డాలర్లు ఉండి, మిగతా నిబంధనలు నెరవేరిన స్వయం ఉపాధివారు తిరిగి చెల్లించనవసరం లేదని ప్రకటించింది.

సర్వీస్ కెనడా 2020 వసంతంలో మొదటి విడతగా 2,000 డాలర్లు బయానా ఇచ్చి, ఆ మొత్తాన్ని తరువాతి వారాల భృతిలో సర్దుకున్నది. సుమారు 20 వారాల లోపే పనిలోకి వెళ్ళినవారి విషయంలో ఆ సర్దుబాటు పూర్తికాలేదు. త్వరగా పని దొరకడమే వారిని బాకీదారులను చేసింది. వారికి 2021 నవంబరు నుండి నోటీసులు వచ్చాయి. తక్కువ ఆదాయం గల వృద్ధులకు కలిగిన కష్టం వేరు. సెర్బ్ ఆదాయంగా లెక్కకు రావడంతో 2021లో వారికి వచ్చే వృద్ధాప్య అదనపు భృతి తగ్గింది, కొందరికి పూర్తిగా ఆగింది. ఆ నష్టాన్ని పూడ్చడానికి ఒకసారి చెల్లింపు చేస్తామని 2021 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది.

2022 డిసెంబరులో ఆడిటర్ జనరల్ కేరెన్ హోగన్ ఇచ్చిన నివేదిక ప్రకారం, వివిధ కోవిడ్ భృతుల క్రింద 460 కోట్ల డాలర్లు అనర్హులకు చేరాయి. వేతన సబ్సిడీతో కలిపి మరో 2,740 కోట్ల డాలర్ల చెల్లింపులను పరిశీలించవలసి ఉన్నదని ఆమె పేర్కొన్నారు. అదే నివేదిక, ఈ పథకాలు పేదరికం పెరగకుండా ఆపడంలోను, ఆర్థిక వ్యవస్థ కోలుకోవడంలోను తోడ్పడ్డాయని కూడా చెప్పింది. పత్రికలలో మొదటి భాగానికే ఎక్కువ ప్రచారం లభించింది.

సడలింపుల ముగింపు

తాత్కాలికమని చెప్పిన నిబంధనలు అనుకున్నదానికంటె ఎక్కువ కాలం నిలిచాయి. 2021 మార్చిలో ఉపాధి బీమా గరిష్ఠ కాలాన్ని 50 వారాలకు పెంచారు. రికవరీ భృతిని విడతలవారీగా 54 వారాల వరకు పొడిగించి, 2021 జూలై తరువాత వారానికి 300 డాలర్లకు తగ్గించి, అక్టోబరు 23న ముగించారు. బీమాలో కనీస భృతి కూడా 2021 సెప్టెంబరులో 300 డాలర్లకు తగ్గి, నవంబరు 20తో పూర్తిగా తొలగింది. దేశమంతటికీ 420 గంటలనే ఏకరూప నిబంధన మరొక సంవత్సరం కొనసాగి 2022 సెప్టెంబరు 24తో ముగిసింది. ఆ మరునాటి నుండి ప్రాంతాలవారీ 420-700 గంటల లెక్క తిరిగి వచ్చింది. స్వయం ఉపాధి వారు మహమ్మారికి ముందు వలెనే సాధారణ నిరుద్యోగ భృతి పరిధికి వెలుపల ఉండిపోయారు.