ఫౌలాద్ సైకిల్, పంక్చర్ తానా

పోయిన రంజాన్‌లో మా చిన్నోడు ఫోన్ తెచ్చి ఒక బొమ్మ చూపించాడు. తలమీద టోపీ, చేతిలో గాలిపంపు, కింద వెక్కిరింపు. "అబ్బా, మనల్ని పంక్చర్‌వాలా అని ఎందుకంటారు?" అన్నాడు. ఆ తానాకు జవాబు మా వరండాలోనే ఉంది. వాణ్ణి అక్కడికి తీసుకెళ్లాను.

అది ఒక పాత రేసింగ్ సైకిల్. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో ముక్కలుగా కొన్నాను. కంపెనీ బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. సీటు కింది గొట్టం మీద మాత్రం 'రేనాల్డ్స్ 531' స్టిక్కర్ సగం మిగిలింది. బర్మింగ్‌హామ్‌లోని ఆ కంపెనీ 1935లో మాంగనీస్, మాలిబ్డినం కలిపి తెచ్చిన ఫౌలాద్ అది. గొట్టం అంచుల్లో మందం, నడుమ పలుచన. అతుకు పడేది అంచుల్లోనే కాబట్టి అక్కడ బలం కావాలి, మిగతా చోట బరువు తగ్గాలి. టూర్ ద ఫ్రాన్స్ గెలిచినవాళ్లలో ఎందరో ఈ గొట్టాల సైకిళ్లే తొక్కారు.

ఇక పంక్చర్ సంగతి. గాలి టైరుకు 1888లో పేటెంట్ తీసుకున్న జాన్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించాలని రబ్బరు గొట్టంలో గాలి నింపాడు. అంతకు ముందు సైకిళ్లకు గట్టి రబ్బరు టైర్లే, పంక్చర్ బాధే లేదు. గాలి వచ్చాకే పంక్చర్ వచ్చింది, దాన్ని బాగుచేసే హునర్ వచ్చింది.

మా ఇలాఖాలో సైకిల్ మొదట విలాయతీ సరుకు. అప్పట్లో గద్వాల, వనపర్తి నిజాం కింద సంస్థానాలు. గద్వాలకు రైలు ఉంది. వనపర్తి రోడ్ స్టేషన్ పేరుకే వనపర్తి, దిగాక ఊరు దూరం. నాగర్‌కర్నూల్‌కు రైలే లేదు. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ మొదలై హెర్క్యులిస్ ఇక్కడే తయారయ్యాక, సైకిల్ మామూలు మనిషికి అందింది.

సరిగ్గా అదే జమానాలో మా ఇంట్లో చీకటి పడింది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. దఫ్తర్లలో ఉర్దూ పోయింది, ఉర్దూ తప్ప రాని దాదాజాన్ ములాజమత్ కూడా పోయింది. దాదీ అమ్మ గాజులు అమ్మితే నాలుగు సైకిళ్లొచ్చాయి. నాగర్‌కర్నూల్‌లో సైకిల్ టాక్సీ పెట్టారు. గంటల లెక్కన కిరాయి.

ఆ ఖాతా పుస్తకం నా దగ్గరుంది. ఉర్దూ మీడియంలో చదివాను కాబట్టి ఆయన దస్తూరీ చదవగలను. సంతకు పోయిన రైతు, కాన్పుకు దాయీని తేవడానికి పరుగెత్తిన భర్త, పక్క ఊరి బడికి పోయే పంతులు, అందరి పేర్లూ ఉర్దూలోనే. కొన్నిటి పక్కన 'మాఫ్' అని ఉంది. దఫ్తర్ వద్దన్న ఉర్దూ మా దుకాణ్‌లో ఇరవై ఏళ్లు లెక్కలు రాసింది.

నేను కొన్న రేసింగ్ ఫ్రేము వెనక భాగం వంకర. కొత్త దుకాణ్లలో పారేయమన్నారు. గద్వాలలో ఒక బుజుర్గ్ ఉస్తాద్ మాత్రం దారం తెచ్చి వెనక చక్రం ఇరుక్కునే చోట కట్టారు. ముందు గొట్టం చుట్టూ తిప్పి అవతలి వైపు లాగి కట్టి, సీటు గొట్టానికి రెండు పక్కలా ఉన్న ఎడం కొలిచారు. ఎడం సమానమయ్యేదాకా మెల్లగా వంచారు. "ఫౌలాద్ మాట వింటుంది బేటా, జబర్దస్తీ చేయకు" అన్నారు. తర్వాత చువ్వలు ఒక్కొక్కటీ బిగించి చక్రం ఔట్ తీశారు. ఆయన 531 పేరు ఎన్నడూ వినలేదు. చేతికి మాత్రం తెలుసు.

ఇప్పుడు ఫజర్ తర్వాత వనపర్తి నుంచి గోపాల్‌పేట దాకా దానిమీదే పోతాను. కొమ్ముల్లా వంగిన హ్యాండిల్ మీద వీపు వంచితే ఎదురుగాలి కూడా దారి ఇస్తుంది.

చిన్నోడికి ఇదంతా చెప్పాను. ఇనుముతో కవచాలు చేసిన హజ్రత్ దావూద్ అలైహిస్సలాం బాదుషా అయినా తన చేతి కష్టమే తిన్నారని గుర్తు చేశాను. పంక్చర్ వేయడంలో సిగ్గు లేదు బేటా. మన పిల్లలకు ఆ పని తప్ప వేరే దారి లేకుండా చేస్తే, ఆ సిగ్గు చేసినవాళ్లది. నువ్వు చదువుకో, ఇంజినీరువే అవ్వు. కానీ ఎవరైనా పంక్చర్‌వాలా అంటే తల దించకు.

వాడు కాసేపు ఆలోచించి, "దాదాజాన్ ఖాతా నాకూ చదవడం నేర్పిస్తావా అబ్బా?" అన్నాడు.

ఆ రాత్రి తరావీ అయ్యాక అలిఫ్, బే మొదలుపెట్టాం.