రంగం ఓడ నుంచి మోరే గేటు దాకా

మా తాత భీమిలి వైపు నుంచి రంగం (రంగూన్) వెళ్ళినప్పుడు ఓడ టిక్కెట్టుకి డబ్బులుంటే చాలు. పాస్‌పోర్టు ఊసే లేదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే మరి. రేవులో బస్తాలు మోయడానికి, రైసు మిల్లుల్లో పనికి, కోతలకి ఏటా వేలమంది మనవాళ్ళు ఓడెక్కేవారు. 1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళని దింపాయి. సమ్మె తీరి మనవాళ్ళు మళ్ళీ పనిలోకి వచ్చేసరికి కొట్లాట రేగింది, చాలామంది చచ్చిపోయారు. అడ్డూ అదుపూ లేకుండా వచ్చిపడుతున్నారని అప్పుడు అనిపించుకున్నది మనమే. 1941లో వలసకు పర్మిట్లు పెట్టేందుకు ఒప్పందం కుదిరింది. కొద్ది నెలలకే జపాన్ బాంబులు పడ్డాయి.

ఇప్పుడు ఆ మాట మయన్మార్ (అప్పటి బర్మా) నుంచి వచ్చేవాళ్ళని అంటున్నది మనం. మయన్మార్‌తో మన సరిహద్దు 1,643 కిలోమీటర్లు. 1950 నుంచి అటూఇటూ కొండజాతులవాళ్ళు 40 కిలోమీటర్ల దాకా వీసా లేకుండా తిరిగేవారు. 1968లో పర్మిట్లు వచ్చాయి, 2004లో ఆ 40ని 16 చేశారు. నాగాలాండ్‌లోని లోంగ్వాలో సరిహద్దు గీత ఊరి పెద్ద అంగ్ ఇంట్లోంచే పోతుంది. మణిపూర్‌లోని మోరేలో రెండో నంబరు సరిహద్దు గేటు దాటితే అటువైపు నాంఫలాంగ్ బజారు. పొద్దున్నే వెళ్ళి దుప్పట్లూ చెప్పులూ కొనుక్కుని సాయంత్రానికి ఇల్లు చేరేవారు.

ఈ రాకపోకల మీద భయం ఉత్తదేం కాదు. 2015 జూన్ 4న మణిపూర్‌లోని చందేల్ జిల్లాలో తీవ్రవాదులు మాటువేసి 18 మంది జవాన్లను చంపారు. అయిదు రోజులకి మన సైన్యం సరిహద్దు దాటి వాళ్ళ స్థావరాలపై దాడి చేసింది. 2021లో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు, 2023లో మణిపూర్‌లో జాతుల ఘర్షణల మంటలు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఈ రాకపోకలు రద్దన్నది. ఏడాది చివరికి, సరిహద్దుకి పది కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ళకి పాస్ ఇస్తామంది.

నాకైతే ఆ రెండో మాటే నచ్చింది. తుపాకీ పట్టినవాడు గేటు దగ్గర లైన్లో నిలబడడు, అడవిదారిన పోతాడు. లైన్లో నిలబడేవాడి పేరూ ఊరూ రాసుకుంటే ఎవరు వచ్చారో, ఎవరు తిరిగి వెళ్ళలేదో కనీసం తెలుస్తుంది. గేటు మూసేస్తే వాడూ అడవిదారే పడతాడు. మిజోరం, నాగాలాండ్ శాసనసభలు రద్దు వద్దని తీర్మానాలు చేశాయి. మణిపూర్ ప్రభుత్వం మాత్రం మూయాల్సిందేనని పట్టుబట్టింది.