బఫర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

ఇవాళ్టి కథ ఒక కెమెరా బొమ్మలో కనబడిన గీతలతో మొదలుపెడతాను.

అప్పట్లో నేను ఒక ఆర్మ్ బోర్డు మీద పని చేస్తున్నా. కెమెరా ఫ్రేమ్‌ని ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా మెమరీలో రాస్తుంది. దాన్నే డీఎంఏ అంటాం. ఆ తర్వాత ప్రాసెసర్ చదువుతుంది. బొమ్మలో అక్కడక్కడా అడ్డంగా చిన్న ముక్కలు, అవన్నీ పాత ఫ్రేమ్‌వి! పట్టుకుందామని ప్రింట్లు పెడితే గీతలు మాయం, తీసేస్తే మళ్ళీ ప్రత్యక్షం. డెమో దగ్గరపడుతోంది, మేమేమో మూడు వారాలు కెమెరానే తిట్టుకున్నాం. ఒక రాత్రి ఆ ముక్క పొడవు లెక్కపెట్టాను. 64 పిక్సెళ్లు. నలుపు తెలుపు బొమ్మ కాబట్టి పిక్సెల్‌కి ఒక బైటు. ఆ ప్రాసెసర్ క్యాష్ లైను కూడా 64 బైట్లే.

క్యాష్ అంటే డబ్బు కాదండోయ్. మా ఇంట్లో పాల లెక్క క్యాలెండర్ మీద రాసుకునేవాళ్ళం, పాలవాడి దగ్గర అతని పుస్తకం ఉండేది. అతను పుస్తకంలో లెక్క మార్చినా మన క్యాలెండర్ మారదు కదా. ప్రాసెసర్ తన దగ్గరున్న పాత నకలు చూస్తోంది, కెమెరా అసలు మెమరీలో కొత్తది రాసేసింది. ప్రింట్లు పెట్టినప్పుడు వేరే డేటా వచ్చి ఆ నకళ్ళని బయటికి నెట్టేసింది, అంతే.

మరి ఇది నాకు ముందే ఎందుకు తట్టలేదు? నేను నేర్చుకున్నది పీసీ మీద. క్యాష్‌తో వచ్చిన మొదటి వ్యాపార యంత్రం ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 85, 1968లో ప్రకటించారు. 1989లో ఇంటెల్ 486 చిప్‌లోపలే 8 కిలోబైట్ల క్యాష్ పెట్టింది. బయటి పరికరం మెమరీలో రాస్తే ఆ నకలు చెల్లదని చెప్పడానికి చిప్‌కి ప్రత్యేకంగా పిన్నులే ఉన్నాయి. పని హార్డ్‌వేరే చేసిపెట్టింది, మేం మర్చిపోయాం.

లినక్స్ వాళ్ళకి మర్చిపోయే వీలు లేదు. ఆల్ఫా, స్పార్క్, మిప్స్ అన్నిటి మీదా ఒకే డ్రైవర్ నడవాలి. అందుకని డేవిడ్ మిల్లర్, రిచర్డ్ హెండర్సన్, యాకుబ్ యెలినెక్ కలిసి రాసిన నియమాల పత్రంలో బఫర్ ఎప్పుడు ఎవరిదో డ్రైవరే చెప్పాలి. ‘సింక్ ఫర్ సీపీయూ’ అంటే ఇక ప్రాసెసర్ వంతు, ‘సింక్ ఫర్ డివైస్’ అంటే పరికరం వంతు.

ఫోన్లొచ్చాక చిక్కు పెరిగింది. కెమెరా, గ్రాఫిక్స్, తెర, అన్నిటికీ ఒకే బఫర్. సుమిత్ సెమ్వాల్ రాసిన డీఎంఏ-బఫ్ 2012 మార్చిలో లినక్స్ 3.3తో వచ్చింది. కానీ మామూలు ప్రోగ్రాం ఆ బఫర్‌ని తెరిచి చదువుకుంటూ ‘ఇప్పుడు నా వంతు’ అని చెప్పే పిలుపు 2016లో, 4.6లో గానీ రాలేదు! నాకైతే ఈ ఆలస్యం ఇప్పటికీ వింతే.

మా డ్రైవర్ పీసీ నుంచి తెచ్చుకున్నది, అందులో ఆ పిలుపులే లేవు. రెండు లైన్లు కలిపాం, గీతలు పోయాయి. ఫ్రేమ్ వేగం కొంచెం తగ్గింది. డెమోలో దాని గురించి ఎవరూ అడగలేదు లెండి.